విడిపోయిన దంపతులు - బిడ్డల పేరిటి యాదాయము

గోదావరి మండలములలో బిడ్డ పుట్టగనే వాని పేర నేదో యొక యాస్తి నేర్పరచుట పెద్దల యాచారము. తాతగారు రెండెకరముల మాగాణి వ్రాయుదురు. అమ్మమ్మగారు బ్యాంకిలో సొమ్ము వేయుదురు. తల్లిదండ్రులు కలిసి కాపురము చేయుచున్నంతకాలము ఆ యాదాయము నెవరి లెక్కలో జూపవలెనను ప్రశ్నకు చట్టమున స్పష్టమైన సమాధానము గలదు. వారు విడిపోయిననాడు మాత్ర మా స్పష్టత కానరాదు.

విడాకులు మన ప్రాంతమునకు నిన్నటి సంగతి కాదు. హిందువుల కందరకు నీ హక్కు 1955లో లభించినది. గోదావరి జిల్లాలు నాడు చెన్నరాజధానిలో నుండుటచే, 1949 నాటి మద్రాసు చట్టము మూలమున మనకు ఆరేండ్లు ముందే సంక్రమించినది. పన్ను చట్టము మాత్రము చిరకాలము కుటుంబమును చీలనిదిగానే భావించెను. 1937 సవరణముచే భార్యాబిడ్డల కొన్ని యాదాయములను పురుషుని లెక్కలో జేర్చిరి. 1992 ఆర్థిక చట్టముతో మైనరు బిడ్డ యాదాయమంతయు తల్లిదండ్రులలో నెక్కువ యాదాయము గలవారికి జేరుననిరి. బిడ్డ స్వయముగా శ్రమచేగాని విద్యచేగాని యార్జించినది మాత్రము చేరదు. వివాహబంధము తెగినచో, ఆ యేడు బిడ్డను పోషించినవారి లెక్కలో జేరును.

పోషించుట యనగా నేమి? చట్టమున నిర్వచనము లేదు. ఒక యుదాహరణము గైకొందము. తండ్రి అమలాపురమున కొబ్బరితోటలు, దుకాణపు టద్దెలు గలవాడు. తల్లి రాజమహేంద్రవరమున నుపాధ్యాయిని. బిడ్డ తల్లియొద్ద పెరుగుచున్నది. న్యాయస్థానపు టుత్తరువు ననుసరించి తండ్రి బిడ్డకై నెలకు 15,000 రూపాయలు పంపుచున్నాడు. బిడ్డ పేరిటి డిపాజిట్టుపై ఏటా లక్షరూపాయల వడ్డీ వచ్చుచున్నది. సొమ్ము పంపువాడు పోషకుడా? వండిపెట్టి, బడికి బంపి, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొనియుండు నామె పోషకురాలా? పోషణ మన గ్రాసము మాత్రమే కాదని పామరుడు సైత మెరుగును. పన్ను అధికారి యెరుగునో లేదో చెప్పజాలము. ఒకసారి యొకరి లెక్కలో జేరినది, అధికారి రెండవవారి వాదము విని యవసరమని తలచిననే గాని మారదు. కావున మొదటి యేటి పొరపాటు ఏండ్ల తరబడి వెన్నంటును. పంట యాదాయమునకు కేంద్రపు పన్ను లేదుగదా యని రైతులు నిశ్చింతగా నుందురు. 1973 నాటి ఆర్థిక చట్టము మొదలు, ఇతరాదాయముపై పన్ను రేటు నిర్ణయించుటకు దానినిగూడ లెక్కించుచున్నారని మరువరాదు.

బిడ్డ యాదాయమును జేర్చుటలో నింత శ్రద్ధ గల ప్రభుత్వము, బిడ్డకగు వ్యయమును జూచి యేమి తగ్గించినది? చేర్చిన యాదాయమునుండి బిడ్డ కొక్కింటికి ఏటికి 1,500 రూపాయలు మినహాయింపని 1961 నాటి చట్టము. పట్టణపు బడిలో నిది యెన్ని దినముల జీతమో చదువరులే లెక్కింతురు గాక. పాతపద్ధతిని రిటర్ను దాఖలు చేయువారికి 1,50,000 రూపాయల యుమ్మడి పరిమితిలో ఇద్దరు బిడ్డల బడిజీతము తగ్గును. క్రొత్తపద్ధతిలో నదియు లేదు. పూర్వ మిట్లుండలేదు. 1958లో పన్ను లేని పరిమితి సంతానము లేని దంపతులకు 3,000 రూపాయలు, ఒక బిడ్డ గలవారికి 3,300, ఇద్దరు గలవారికి 3,600గా నుండెను. ఆ యేర్పాటు తరువాత తొలగినది.

మనోవర్తి విషయ మింకను విపరీతము. ఇచ్చువానికి తగ్గింపు లేదు. పుచ్చుకొను భార్యకు ఏకమొత్తముగా వచ్చినది మూలధనమనియు, నెలనెలా వచ్చునది యాదాయమనియు, ప్రతాపగఢ్ రాజకుమారి మహేశ్వరీదేవి వ్యాజ్యమున బొంబాయి హైకోర్టు 1983లో తీర్పు చెప్పినది. ఏకమొత్తము నీయగలవాడు ధనికుడు. నెలబత్తెముతో బ్రదుకునది సామాన్యురాలు. పన్ను భయ మామెకే. 2025-26 నుండి క్రొత్తపద్ధతిలో 12 లక్షలవరకు రిబేటు గలుగుటచే నీ బాధ పలువురకు దగ్గినమాట నిజము. సూత్రము మాత్రము మారలేదు.

మన మండలములవారు పలువురు నివసించు అమెరికాలో, బిడ్డ యెవరి యింట నెక్కువ రాత్రులు గడపెనో వారినే సంరక్షకులుగా గణింతురు. రాత్రులు సమానమైనచో నాదాయ మెక్కువ గలవారిని గణింతురు. సంరక్షకురాలైన తల్లి 8332 సంఖ్యగల పత్రముపై సంతకము చేసి, బిడ్డను ఆశ్రితునిగా జూపు హక్కును తండ్రికి విడువవచ్చును. అప్పుడు 2025 సంవత్సరమునకు 2,200 డాలర్లవరకు గల తగ్గింపు అతనికి జేరును. అట్లు విడిచినను, ఇతర నియమములకు లోబడి, ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ హోదా యామెకే నిలుచును. రాత్రులు లెక్కించుట మనవారికి నవ్వు పుట్టింపవచ్చును. అయినను పంచాంగము జూచి తేల్చుకొనదగిన కొలత యది.

1961 చట్టమునకు మారుగా 2025లో నూతన చట్టము చేసినపుడు పార్లమెంటు ‘పోషణ’ పదమును వివరింపవచ్చునుగాని వివరింపలేదు. బిడ్డ సంవత్సరములో నధికభాగ మెవరియొద్ద నుండెనో వారే పోషకులని నిర్వచింపవలెను. ఆ పోషకులకు 1958 నాటివలె బిడ్డ పేర పరిమితి పెంచవలెను. బిడ్డకై వచ్చు మనోవర్తి తల్లి యాదాయము కాదని స్పష్టముగా వ్రాయవలెను. అందాక, విడిపోవు దంపతులు రాజీపత్రము వ్రాసికొనునప్పుడే బిడ్డ పేరిటి వడ్డీని, అద్దెను ఎవరు తమ రిటర్నులో జూపుదురో, బిడ్డ యెవరియొద్ద నెన్నినెల లుండునో వ్రాయించుకొని, బిడ్డ సొమ్ము వేరుగా మనోవర్తి వేరుగా పేర్కొనవలెను. అధికారి కా పత్రము శిరోధార్యము కాకపోయినను, వాదమునకు సాక్ష్యముగానైన నుపకరించును.