మనిషిని లాగే గాలిపటం



సంక్రాంతికి మీరు ఎగరేసే గాలిపటం మహా అయితే మీ చేతిలోని దారాన్ని లాగుతుంది. మనిషినే లాక్కుపోయే గాలిపటాలు కూడా ఉన్నాయి. క్రిందటి నెల ఒక అబ్బాయి నాకు ఉత్తరం వ్రాశాడు. వాళ్ళ అన్నయ్య నార్వే దేశంలో చదువుకుంటున్నాడట. అక్కడ కొందరు శీతకాలంలో కాళ్ళకు స్కీలు కట్టుకుని, పెద్ద గాలిపటం పట్టుకుని మంచుమీద జారుతారు. మంచు లేనప్పుడు చక్రాల పలకమీద నిలబడి ఇసుకలో పరుగులు తీస్తారు. అన్నయ్య కూడా ఒక పటం కొనాలనుకుంటున్నాడు. "అన్నిటికన్నా పెద్దది కొనమని వ్రాయనా, మాస్టారూ?" అని ఆ అబ్బాయి ప్రశ్న.

వద్దు నాయనా, వ్రాయకు. ఎందుకో చెబుతాను.

ఈ విద్యకు పాత గురువు నావంటి బడిపంతులే. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరంలో జార్జి పోకాక్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. గాలిపటాలు లాగే బండికి ఆయన 1826లో పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లో అక్కడి రోడ్లమీద సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేదు గనక సుంకమూ లేదు! అంతకు రెండేళ్ళ ముందు, 1824లో, ఆయన 30 అడుగుల గాలిపటానికి కుర్చీ కట్టి, తన కూతురు మార్తాను కూర్చోబెట్టి, 270 అడుగుల ఎత్తుకు లేపాడు. ఆ పిల్ల క్షేమంగానే దిగింది. పేరుపొందిన క్రికెట్ ఆటగాడు డబ్ల్యు. జి. గ్రేస్ ఆమె కొడుకే. సాటి పంతులుగా పోకాక్ తెలివికి నమస్కరిస్తాను గాని, ఒక తండ్రిగా ఆ పనిని మెచ్చుకోలేను.

గాలికి అంత బలం ఎక్కడిది? లెక్క చూడండి. గాలి వేగం రెండింతలయితే దాని తోపు నాలుగింతలవుతుంది. మూడింతలయితే తొమ్మిదింతలు! గంటకు 15 కిలోమీటర్ల గాలిలో 5 కిలోల బరువుతో లాగే పటం, 30 కిలోమీటర్ల గాలిలో 20 కిలోలతో లాగుతుంది. 45 కిలోమీటర్ల గాలిలో 45 కిలోలతో. కొన్న పటం కొలత మారదు, గాలి మాత్రం గడియకొక తీరుగా మారుతుంది. పైగా పటాన్ని ఆకాశంలో అటూ ఇటూ జోరుగా త్రిప్పితే దాని సొంత వేగం కూడా తోడయి మరింత గట్టిగా లాగుతుంది. అందుకే కొత్తవాడు 2, 3 చదరపు మీటర్ల పటాన్ని నేలమీద నిలబడి ఎగరేయడం బాగా నేర్చుకున్నాకే చక్రాలెక్కాలి.

ఈ పటాలకు వెదురు పుల్లలుండవు. పైన ఒక గుడ్డ, క్రింద ఒక గుడ్డ పెట్టి మధ్యలో గదులు గదులుగా కుడతారు. ముందు అంచున ఉన్న నోళ్ళలోనుంచి గాలి దూరి, పటం దిండులా ఉబ్బి, పక్షి రెక్క ఆకారానికి వస్తుంది. ఈ పద్ధతిని 1964లో అమెరికాలో డొమినా జాల్బర్ట్ రూపొందించాడు. పంపుతో గాలి కొట్టే గొట్టాల పటం మరొకటి ఉంది. అది నీటికోసం పుట్టింది, పడినా తేలుతుంది. నేలమీద ముల్లో రాయో గుచ్చుకుంటే ఆనాటికి ఆట కట్టు. గడ్డకట్టే చలిలో పంపు కొట్టడం కూడా కష్టమే. కనక మన అన్నయ్యకు గుడ్డ పటమే మేలు.

చదునైన సముద్రపుటొడ్డున గాలి నిలకడగా వీస్తుంది. అక్కడ రెండు చేతిపిడులు, నాలుగు తాళ్ళు ఉన్న పటం చాలు. పై తాళ్ళు లాగుతాయి, క్రింది తాళ్ళు బ్రేకులు. బ్రేకు తాళ్ళను మణికట్టు పట్టీలకు తగిలిస్తారు. పిడులు వదిలేస్తే ఆ తాళ్ళే బిగిసి, పటం బలం పోయి చతికిలబడుతుంది.

మంచు సంగతి వేరు. నార్వేలో హార్డంగర్‌విడ్డ అనే విశాలమైన పీఠభూమి ఈ ఆటకు పేరుపొందింది. కొండల ప్రక్క గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. అక్కడ లాగుడును తగ్గించుకునే వీలున్న పటం కావాలి. తాటాకు విసనకర్రను గాలికి ఎదురుగా పట్టుకోండి, చేతిని నెడుతుంది. దాని అంచును గాలివైపు త్రిప్పండి, ఊరుకుంటుంది. ఈ పటం కూడా అంతే. నడుముకు కట్టుకున్న పటకాకు దాన్ని తగిలిస్తారు, చేతిలో ఒక కర్ర ఉంటుంది. కర్రను ముందుకు తోస్తే పటం వాలు మారి లాగుడు తగ్గుతుంది. అదీ చాలకపోతే, పటాన్ని చప్పున విడిపించే మీట ఉంటుంది.

అబ్బాయీ, మీ అన్నయ్యకు ఇలా వ్రాయి. తన బరువెంతో, అక్కడ మామూలుగా వీచే గాలి ఎంతో దుకాణంలో చెప్పమను. రెండు కొలతల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోమను. ఆ మీటను మాత్రం, మంచులో వేసుకునే మందపాటి చేతితొడుగులు తొడుక్కుని, దుకాణంలోనే పదిసార్లు విడిపించి చూడమను. జవాబు వస్తే నాకూ తెలియజెయ్యి.