పాత గొర్రుకు కొత్త కర్రు: తాండూరు కంది చేలలో శూన్య దుక్కి

దున్నకుండా విత్తడమనగానే ఖరీదైన కొత్త యంత్రం గుర్తుకు రావడం విస్తరణ రంగంలో పరిపాటి అయినది. మన దేశంలో ఈ పద్ధతి మొదలైన తీరు ఇందుకు భిన్నమైనది. న్యూజిలాండ్‌లో రూపొందిన, తలక్రిందులు చేసిన ‘టి’ ఆకారపు కర్రులను వాడుకలోనున్న విత్తే గొర్రుకు అమర్చి, పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1991లో తొలి శూన్య దుక్కి గొర్రును తయారుచేసినది. వికారాబాద్, తాండూరు ప్రాంతాలకు కూడ ఈ మార్గమే అనుసరణీయమని నా అభిప్రాయం.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఎడమైన సాళ్ల పంట. ఈ లక్షణమే మార్పిడికి అనుకూలం. 22.5 సెం.మీ. ఎడంతో తొమ్మిది కర్రులున్న గొర్రులో 90 సెం.మీ. సాళ్లకు ఒకటవ, అయిదవ, తొమ్మిదవ కర్రులు మాత్రమే అవసరం. తొమ్మిదింటిపై పడే గొర్రు బరువు మూడింటిపై పడుటచే దున్నని నేలలో కర్రు దిగుట సులభమగును. కర్రుల నడుమ ఎడం పెరుగుటచే మోళ్లు, చెత్త చిక్కుకొనవు.

అయితే కర్రు మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఒక్కొక్క కర్రుపై ఒత్తిడి పెరుగును గనుక దాని కాడను, బిగింపులను దృఢపరచవలెను. ధారగా విత్తనం రాల్చే రోలరుకు బదులు గింజను గింజగా వదలే వాలు పళ్లెం అమర్చవలెను, 90×20 సెం.మీ. ఎడంలో హెక్టారుకు సుమారు 55,500 మొక్కలు నిలుచుటకు ఇది అవసరం. విత్తిన చాలును అణచే చక్రం లేనిచో, నల్లరేగడి ఆరి బీటలువారినపుడు చాలు విచ్చుకొని మొలక ఎండిపోవును.

యంత్రం కుదిరినను సేద్యపు చిక్కులు మిగిలియే ఉండును. 610 అధ్యయనాలను సమీక్షించి 2015లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన వ్యాసం ప్రకారం, దున్నకపోవుట ఒక్కటే అయినచో దిగుబడి సగటున తగ్గును. పంట అవశేషాలను నేలపై నిలిపి, పంట మార్పిడి కూడ పాటించినచో పొడి ప్రాంతపు వర్షాధార పంటలలో పెరుగును. మన ప్రాంతంలో కందికంప పొయ్యిలోకి, చొప్ప పశువులకు పోవును. నేలపై కప్పు లేని ఎర్రనేలలో పైపొర గట్టిపడి వాననీరు ఇంకక పారిపోవును. కంది వెంట కంది వేసినచో ఎండుతెగులు శిలీంధ్రం నేలలోను, మోళ్లలోను నిలిచియుండును. దుక్కి లేనిచోట కలుపు సమస్య తొలి వానలతోనే ఎదురగును; సాళ్ల మధ్య గుంతకను కూడ నిషేధించే శూన్య దుక్కి ఇచ్చట సాధ్యం కాదు.

కావున ఎర్రనేలల జోలికి పోక, జొన్న తరువాత కంది వేసే నల్లరేగడి చేలలో ముందుగా పరీక్షించుట మేలు. తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానం స్థానిక కమ్మరి సహాయంతో ఒక పాత గొర్రును మార్పించి, రైతు చేనులో సగం దున్ని, సగం దున్నక, కనీసం మూడు సంవత్సరాలు పోల్చి చూడవలెను. మొలక శాతం, కలుపు ఖర్చు, నేలలోని తేమ, ఎండుతెగులు, నికరాదాయం అను అయిదింటిని నమోదు చేయవలెను. పంట మార్పిడికి, కొంత చొప్పను చేనిలో విడుచుటకు రైతు అంగీకరించని చోట గొర్రును మార్చమని సలహా ఇవ్వరాదు. రాయితీపై ఎన్ని యంత్రాలు పంచితిమన్న లెక్క విస్తరణకు కొలబద్ద కాదు. రెండవ సంవత్సరం రైతు తనంతట తాను ఆ గొర్రును చేనికి తోలుటయే అసలైన కొలబద్ద.