చెడుగుడు ఆటకి పది రూపాయల టిక్కెట్టు

సంక్రాంతికి మా జోలార్పేట చుట్టుపక్కల ఊళ్ళల్లో కబడ్డీ పోటీలు పెడతారు. మన ఇళ్ళల్లో దాన్ని ఇంకా చెడుగుడనే అంటాం. టిక్కెట్టు మాటెత్తితే చాలు, పెద్దవాళ్ళు "మనూరి పిల్లల ఆటకి డబ్బులేంటి నాయనా?" అంటారు. నేను మాత్రం పది రూపాయలు పెట్టాలనే అంటాను.

మనం ఊరికే చూస్తాం గానీ ఆట ఊరికే జరగదు. కూతకెళ్ళే కుర్రాడు ఆ రోజు కూలి మానుకుని వస్తాడు. మోకాలు పోతే నెలరోజులు ఇంట్లోనే. ఓడినవాళ్ళు బస్సు చార్జీ జేబులోంచే పెట్టుకుంటారు. ఖర్చంతా ఒక పెద్దమనిషే భరిస్తే, ఆట కంటే ఆయన ఫ్లెక్సీ పెద్దదవుతుంది.

ఆటకోసం పోయిన కూలి ఎవరిస్తారన్న తగాదా కొత్తదేం కాదు. ఇంగ్లండులో రగ్బీ ఆడే గని కార్మికులకీ మిల్లు కార్మికులకీ ఆ కూలి ఇవ్వాలని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి, పెద్ద సంఘం కుదరదంది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డులో ఆ క్లబ్బులు విడిపోయాయి. రగ్బీ లీగ్ అలా పుట్టింది. గేటు దగ్గర వసూలైన డబ్బులో ఆడేవాడికీ వాటా ఉండాలన్నదే వాళ్ళ న్యాయం.

మన దగ్గర పది రూపాయలంటే ఒక టీ. పిల్లలకీ ముసలివాళ్ళకీ వద్దు. లేనివాణ్ణి వెనక్కి పంపొద్దు. వసూలైనదెంతో సాయంత్రం బోర్డు మీద రాయాలి. ముందు దెబ్బ తగిలినవాడి వైద్యానికి, తర్వాత కూలికి, బస్సుకి, ఆ తర్వాతే కప్పుకి.

డబ్బిచ్చినవాడు లెక్క అడుగుతాడంటారా? అడగనివ్వండి, మంచిదే.