నర్సు విద్య – సంతకపు విలువ

నర్సు విద్యకు గ్రంథముల కొఱత లేదు; కొఱతయైనది రోగి సాన్నిధ్యము. 1860లో ఫ్లోరెన్సు నైటింగేలు పేర లండనులో వెలసిన పాఠశాల సెయింటు థామసు ఆసుపత్రియందే యుండెను. వార్డే తరగతి. మన నర్సింగు మండలి 2021లో బి.యస్‌సి. పాఠ్యక్రమమును సవరించి, బొమ్మలపై అభ్యాసము చేయించు ప్రయోగశాలలకు పెద్దపీట వేసినది. మంచిదే. సూది గ్రుచ్చుట, మూత్రనాళిక యమర్చుట మొదట బొమ్మపై నేర్చినచో రోగికిని క్షేమము. కాని బొమ్మ మూలుగదు, భయపడి చేయి లాగుకొనదు.

నేర్చిన ప్రతి పనిని పుస్తకమున నెక్కించి ఉపాధ్యాయుల సంతకము పొందవలెనని నియమమున్నది. సంతకమనగా సాక్ష్యము. కన్నులార చూడనివాని సాక్ష్యము న్యాయస్థానమున నిలువదని మా వృత్తివారికి వేఱుగ చెప్పవలెనా? ప్రక్కన నిలిచి చూచినది వేఱు, స్వయముగ చేసినది వేఱు. రెంటికిని ఒకే సంతకము పడుచున్నచో ఆ పుస్తకమెందుకు? రోగిని ముట్టి యేండ్లు గడిచిన ఉపాధ్యాయిని యేమని ధ్రువపఱచును? బోధించువారు వారమున కొన్ని దినములైనను వార్డులో పనిచేయవలయును. సిబ్బంది కొఱత పూడ్చుటకు విద్యార్థినులను రాత్రివేళ నొంటరిగ వదలుటయు శిక్షణ యనిపించుకొనదు; అది కూలిలేని చాకిరి.

కళాశాలకు నూరు పడకల ఆసుపత్రి యుండవలెనట! పడకలు లెక్కించుట సులభము. వానిపై రోగులున్నారో లేదో తెలియవలెనన్న, తనిఖీదారులు ముందుగా కబురంపక రావలెను.