గుడారానికి పర్మిట్, గుడిసెకు కేసు

శనివారం పొద్దున హన్మకొండ నుంచి ములుగు పోయే రోడ్డు పక్కన ఒక గంట నిలబడి చూడండి. కార్ల మీద మడతపెట్టి కట్టిన గుడారాలు, బుల్లెట్ బండ్ల మీద పరుపు చుట్టలు. సగం మంది లక్నవరం దగ్గర ఆగిపోతారు. మిగతావాళ్లు తాడ్వాయి దాకా, బొగత దాకా పోతారు. అడవిలో ఒక రాత్రి పడుకోవాలని, ఫోన్ సిగ్నల్ లేని చోట చుక్కలు చూడాలని వాళ్ల ఆశ. మంచిదే. అడవిలో పడుకోవడం తప్పని మనమైతే ఎన్నడూ అనలేదు. ఆ మాట అన్నది ప్రభుత్వం. అదీ మనతోనే అన్నది.

ఇట్లాంటి క్యాంపింగ్‌కు ఇంగ్లీషులో ఒక పేరుంది. నల్లా ఉండదు, కరెంటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, వాగు నీళ్లు, కట్టెల మంట. దాన్ని ‘ప్రిమిటివ్ క్యాంపింగ్’ అంటారు. ఈ ప్రిమిటివ్ అనే మాట మనకు కొత్తది కాదు. చెంచులను, కోలాములను, తోటీలను, కొండరెడ్లను సర్కారు కాగితాల్లో ‘ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్’ అనే రాసేవాళ్లు. 2006లో గానీ ఆ మాట తీసేయలేదు. మనిషికి తగిలిస్తే వెనకబాటు, గుడారానికి తగిలిస్తే అనుభవం. నల్లా లేని గుడిసెలో మన అమ్మ బతుకుతే అది సమస్య, అధికారులు వచ్చి ‘మైదానానికి రండి, కాలనీ కట్టిస్తం’ అంటారు. అదే నల్లా లేని గుడారంలో పట్నం పిలగాడు రెండు రాత్రులుంటే రీల్ అయితది.

ఇంతకీ ఆ అడవి ఎవరిది, అక్కడ రాత్రిపూట ఉండే హక్కు ఎవరికుంది? ఏటూరునాగారం అభయారణ్యం 1952లో ఏర్పడింది. దాదాపు 806 చదరపు కిలోమీటర్లు. మన ఇంకో అభయారణ్యం పాకాల కూడా ఆ ఏడాదిదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెప్తుంది: డ్యూటీలో ఉన్న ఉద్యోగి, లోపల స్థిరాస్తి మీద హక్కున్నవాళ్లు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లు, రోడ్డు మీద పోయేవాళ్లు, పర్మిట్ ఉన్నవాళ్లు. ఆ పర్మిట్ దేనికి ఇవ్వవచ్చో 28వ సెక్షన్ చెప్తుంది. పరిశోధన, ఫొటోలు, టూరిజం వగైరా. ఇప్పుడు మీ ఊరిని ఈ జాబితాలో పెట్టి చూడండి. పట్టా ఉంటే లోపలివాడివి. పట్టా రాకపోతే, తాతల కాలం నుంచి అక్కడే ఉన్నా, చట్టం దృష్టిలో టూరిస్టుకున్న పాటి ఆధారం కూడా నీకు లేదు. వాడు దరఖాస్తు పెట్టి లోపలికి రావచ్చు. నువ్వు మాత్రం ముందు నువ్వున్నావని రుజువు చేసుకోవాలి.

ఆ రుజువు పని కోసమే అటవీ హక్కుల చట్టం 2006 వచ్చింది. ‘అటవీ భూమి’ అనే మాటలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా కలుస్తాయని అందులో స్పష్టంగా ఉంది. దావాల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని 4(5) సెక్షన్ చెప్తుంది. దీన్ని నోటికి నేర్చుకోండి. రేంజి ఆఫీసులో కుర్చీ లేకుండా నిలబెట్టి మాట్లాడినప్పుడు ఇదే పనికొస్తది.

అడవిలో రాత్రి గడపడం మన బతుకులో ఎట్లా ఉంటదో పట్నం మిత్రులకు ఒకసారి చెప్పాలె. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతది. తెల్లారకముందే ఏరకపోతే పశువులు, జింకలు, ఎలుగులు తింటయి. అందుకే చెట్టు కిందనే పడక. తర్వాత తునికాకు కాలం, ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లం దగ్గర ఆరబెట్టి కాపలా. వానాకాలంలో చేనులో మంచె, అడవి పందులు పడకుండా రాత్రంతా కేకలు. ఇవన్నీ క్యాంపింగే కదా. పరుపు లేదు, స్లీపింగ్ బ్యాగ్ లేదు, గైడు లేడు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం చూడండి. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతర గుర్తు తెచ్చుకోండి. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తే, లక్షల కుటుంబాలు జంపన్న వాగు చుట్టూ చెట్ల కింద చీరలు కట్టుకొని, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొని రోజుల తరబడి ఉంటాయి. ఇంత పెద్ద అడవి విడిది దేశంలో ఇంకెన్ని చోట్ల ఉంటది? పూజారులు మన కోయలు, తల్లులు మన తల్లులు. (జాతర అయినంక ఆ అడవిలో మిగిలే ప్లాస్టిక్ గురించి ఇంకో వ్యాసం రాయాలె. అందులో మనమూ కొన్ని మాటలు పడాల్సి ఉంటది.)

ఇప్పుడు గుడిసె సంగతి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో గుత్తికోయల గుడిసెలను అటవీ శాఖ సిబ్బంది కూల్చేశారు. గుత్తికోయ అనేది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, ఇక్కడివాళ్లు పెట్టిన పేరు. వాళ్లలో చాలామంది మురియాలు. 2005లో సల్వాజుడుం మొదలైనంక బస్తర్‌లో ఊళ్లు కాలిపోతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని గోదావరి ఇవతలికి వచ్చారు. సరిహద్దుకు అవతల వాళ్లు షెడ్యూల్డ్ తెగ. ఇవతల కుల ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడే. వాళ్లు అడవి కొట్టారని శాఖ అంటది. కొంత కొట్టిన మాట నిజమే, పోడు కొట్టకుండా ఏం తింటారు? కానీ ఒక్కటి అడగండి. వాళ్ల గుడిసెల వల్ల ఏ అడవికి ముప్పు వచ్చిందో, ఆ అడవిలోనే తాడ్వాయి హట్స్ పేరుతో టూరిస్టులకు బస, ట్రెక్కింగ్ ఎట్లా నడుస్తున్నాయి? పులి గుడిసెను చూసి పారిపోయి, గుడారాన్ని చూసి సెల్ఫీ దిగుతదా?

మంట సంగతి కూడా చూద్దాం. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టకూడదని 30వ సెక్షన్. సరైన నిబంధనే. క్యాంపింగ్ అంటేనే రాత్రి మంట, చుట్టూ పాటలు, దానికి క్యాంప్ ఫైర్ అని ముద్దు పేరు. ఇప్పచెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చిన మన అవ్వ మాత్రం నిందితురాలు.

ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు, చట్టంలోకి ఎక్కించారు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళికలో చేరిస్తే ఎకో టూరిజం సౌకర్యాలు ఇక ‘అటవీయేతర’ పని కాదు. అంటే క్యాంపు కట్టడం అడవి పనే, అడవిలో సాగు అడవి పని కాదు. దీన్ని రెండుసార్లు చదవండి. అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షన్ కింద ఊరి అవసరాలకు 13 రకాల సౌకర్యాలకు భూమి మళ్లించవచ్చు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, మంచినీళ్ల పైపు, రోడ్డు ఇట్లాంటివి. ఒక్కోదానికి ఒక హెక్టారు లోపే, హెక్టారుకు 75 చెట్లు మించి పోకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. అంగన్‌వాడీ గదికి గ్రామసభ తీర్మానం కావాలి. ఆ 13లో రిసార్టు లేదు, గుడారాల క్యాంపు లేదు. కానీ దానికి ఇంకో దొడ్డిదారి తెరిచారు.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో కబేజా ప్రియేటా అనే వన్యప్రాణి శరణాలయం ఉంది. 1939లో పెట్టారు, దాదాపు 8 లక్షల 60 వేల ఎకరాలు. పర్మిట్ తీసుకుంటే అక్కడ ప్రిమిటివ్ క్యాంపింగ్ చేసుకోవచ్చు. ఆ ఎడారి హియా చెడ్ ఓధమ్ అనే ఆదివాసులది. వాళ్ల పేరుకు అర్థమే ఇసుక మనుషులు. వాళ్లను చాలాకాలం ‘అంతరించిపోయినవాళ్లు’గా రాసుకున్నారు. ఈరోజుకీ అక్కడి కేంద్ర ప్రభుత్వం వాళ్లను వేరే తెగగా గుర్తించలేదు. పక్కనే ఆర్గన్ పైప్ అనే రక్షిత ప్రాంతంలో కీటోబాకీటో అనే నీటి ఊట ఉంది. అక్కడ మిగిలిన ఓధమ్ కుటుంబం భూమిని 1957లో పార్కు వాళ్లు కొనేసి ఇండ్లను నేలమట్టం చేశారు. మనిషి లేని ప్రకృతి కావాలని మనిషిని తీసేశారు, తర్వాత ఆ ఖాళీలో పడుకోవడానికి పర్మిట్లు ఇచ్చారు. గుర్తింపు లేని తెగ, కూల్చిన ఇండ్లు, పర్మిట్ ఉన్న గుడారం. జలగలంచ వాళ్లకు ఈ కథ చెప్తే తర్జుమా అక్కర్లేదు.

మనలోనే కొందరు అన్నలు అంటున్నారు: ‘టూరిజం వస్తే మనోళ్లకు పని దొరుకుతది కదా, ఎందుకు అడ్డం పడుతున్నరు?’ పని దొరుకుతది, కాదనను. వంట పని, ఊడ్చే పని, రాత్రి కాపలా. మన అడవిలో మనం వాచ్‌మెన్. గల్లా పెట్టె ఎవరి దగ్గరుంది, ధర ఎవరు పెడుతున్నారు, ఎంతమందిని రానివ్వాలో ఎవరు చెప్తున్నారు? ఆ రాత్రి బస ధర చూసి, మీ ఇంట్లో తునికాకు కూలితో పోల్చుకోండి. నేను లెక్క చెప్పడం కంటే అది బాగా అర్థమైతది.

ఇంకొందరు పట్నం పర్యావరణ మిత్రులు అంటారు, ఆదివాసులుంటే చెట్లు మిగలవని. 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం మధ్య వీచిన గాలికి ఒక్కరోజులో 50 వేలకు పైగా చెట్లు కూలాయి. ఆ చెట్లు అప్పటిదాకా అక్కడ ఉన్నాయంటే ఎవరి మధ్య ఉన్నాయి? మన ఊళ్ల మధ్యనే కదా.

మరి క్యాంపులు మూసేయాలా? నా మాట అది కాదు. నిర్ణయం గ్రామసభది కావాలి. మారేడుమిల్లి దగ్గర వాలమూరు వన సంరక్షణ సమితి జంగిల్ స్టార్ క్యాంపు నడుపుతున్నది. స్థానికుల చేతిలో కొంత డబ్బు, కొంత మాట ఉన్నాయి. అయితే వన సంరక్షణ సమితి అంటే తాళం ఊరిది, తాళంచెవి శాఖది. అది సగం అడుగే. పూర్తి అడుగు ఎట్లా ఉంటదో మహారాష్ట్ర గడ్చిరోలిలో మేంఢా లేఖా గోండులు చూపించారు. 2009లో సామూహిక అటవీ హక్కు తెచ్చుకున్నారు, 2011లో వెదురు రవాణా పాసుల పుస్తకం కూడా గ్రామసభ చేతికే వచ్చింది. వెదురు పాసు ఇవ్వగలిగిన గ్రామసభ గుడారం పాసు ఇవ్వలేదా? మన దగ్గర 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి పోడు పట్టాలు పంచారు. సుమారు 4 లక్షల 6 వేల ఎకరాలు, లక్షా 51 వేల మందికి. ఆ పట్టాలు వచ్చినవాళ్లకు సంతోషం. కానీ అది సాగు చేసుకునే చెలక లెక్క. చెలక చుట్టూ ఉన్న అడవి మీద ఊరికి రావలసిన హక్కు వేరు, ఆ పత్రం వేరు. గుడారాలు పడేది ఆ అడవిలోనే.

కాబట్టి ఈ నెలలోనే మొదలుపెట్టండి. మీ గూడెం గ్రామసభ పిలవండి. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, లేకపోతే తీర్మానం నిలవదు. సామూహిక అటవీ వనరుల దావాకు ఫారం-సి నింపండి. ఇప్పచెట్లు, తునికాకు కల్లాలు, దేవతల గుట్టలు, వాగులు, శ్మశానాలు అన్నీ పెద్దమనుషులతో నడిచి పటం గీయండి. ముసలివాళ్లు ఉన్నప్పుడే ఇది చేయాలి, వాళ్లు పోయినంక ఆ పేర్లు ఏ గూగుల్‌లోనూ దొరకవు. డిగ్రీ చదివిన పిల్లలు పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు రాయండి. అభయారణ్యం నిర్వహణ ప్రణాళిక కాపీ అడగండి. 2022 సవరణ తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతంలో, అటవీ హక్కుల చట్టం వర్తించే చోట ఆ ప్రణాళికకు గ్రామసభను సంప్రదించాలి. సంప్రదిస్తే ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎవరు సంతకం పెట్టారో అడగండి. వాణిజ్య బసలు కట్టాలంటే, ప్రభుత్వ లాడ్జీలకైనా, జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు అనుమతి కావాలి, ఆ కాగితం అడగండి. ఎక్కడైనా ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తున్నారని తెలిస్తే 1997 సమత తీర్పు కాపీ జత చేసి పంపండి.

వృథా అనుకోకండి. 2025 మే 30న కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు పేరుతో జీవో 49 ఇచ్చారు. ఆదిలాబాద్ జిల్లాల్లో ఊరూరా కదిలితే జులైలోనే దాన్ని ఆపి పెట్టక తప్పలేదు.

టూరిస్టు మిత్రులకు కూడా ఒక మాట. మీరు ఈ వ్యాసం చదువుతున్నారంటే మనసున్నవాళ్లే. వచ్చే వారం తాడ్వాయి వచ్చినప్పుడు టికెట్ ఇచ్చే ఆయన్ని అడగండి, ఈ క్యాంపుకు ఏ గ్రామసభ ఒప్పుకున్నదని. జవాబు రాకపోతే అదే మాట రివ్యూలో రాయండి. ఐదు చుక్కలిచ్చినా పర్వాలేదు, ఆ వాక్యం మాత్రం ఉండాలె.