తండేల్ చూశారు కదా, మరి మన పేర్లు ఎక్కడ రాసున్నాయి?

తండేల్ సినిమా 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు ఫిబ్రవరి అంటే మిరప కోతల నెల. కాలనీల్లో ముసలోళ్లు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. అందుకే మనోళ్లు చాలామంది ఆ సినిమా హాల్లో చూళ్లేదు, కోతలు అయిపోయాక ఫోన్లో చూశారు. చూసి ఏడ్చినోళ్లున్నారు. ‘బుజ్జితల్లి’ పాట స్టేటస్ పెట్టుకున్నోళ్లున్నారు. తప్పేం లేదు, నాక్కూడా సినిమా నచ్చింది. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం ఈలలు వేసిన చోటు ఒకటి, మనకి పనికొచ్చే చోటు ఇంకొకటి. ఆ రెండోదాని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు జరిగిన సంగతి. శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం, ఆ చుట్టుపక్కల ఊళ్ల మత్స్యకారులు ప్రతి ఏడాదీ గుజరాత్‌లోని వెరావల్ హార్బర్‌కి వలస పోతారు. అక్కడ సేట్ల బోట్ల మీద జీతానికి వేటకెళ్తారు. బోటు నడిపించే పెద్దని తండేల్ అంటారు. 2018 నవంబర్ ఆఖర్లో అరేబియా సముద్రంలో 22 మంది ఆంధ్రా మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. నీళ్ల మీద గీత కనపడదు కదా. కరాచీ జైల్లో పదమూడు నెలలు గడిచాక, 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇటు అడుగుపెట్టారు. మిగిలిన ఇద్దరు తర్వాత వచ్చారు.

దీన్నే దర్శకుడు చందూ మొండేటి సినిమా చేశాడు. నాగచైతన్య రాజు అయ్యాడు, సాయిపల్లవి సత్య అయింది. ప్రేమ వచ్చింది, తుఫాను వచ్చింది, జైల్లో కొట్లాటలు వచ్చాయి. వ్యాపార సినిమాకి అవి కావాలి, ఒప్పుకుందాం. 22 మంది కష్టాన్ని ఒక్కడి భుజాల మీదకి ఎత్తితే గానీ టికెట్ తెగదని వాళ్ల నమ్మకం.

ఇది మన తెలుగోళ్ల జబ్బే అనుకోబాకండి. నార్వే వాళ్లు 2012లో కాన్-టికి అని ఒక సినిమా తీశారు. 1947లో ఆరుగురు మనుషులు తొమ్మిది బాల్సా దుంగలు తాళ్లతో కట్టిన తెప్ప మీద పెరూ నుంచి బయల్దేరి, 101 రోజులు పసిఫిక్ మహాసముద్రంలో తేలుకుంటా పోయి పాలినీషియా దీవుల్లో తేలారు. నిజంగా జరిగిందది. నాయకుడు థోర్ హేయర్డాల్. సినిమాకి ఒక పిరికోడు కావాలి కాబట్టి, ఆ ఆరుగురిలో ఉన్న హెర్మన్ వాట్సింగర్ అనే ఇంజినీరుని లావుపాటి భయస్తుడిగా చూపించారు. అసలు మనిషి అట్లాంటోడు కాదని ఆయన కుటుంబం బాధపడింది.

ఇంకో సంగతి చూడండి. ఆ తెప్ప కట్టే విద్య దక్షిణ అమెరికా ఆదివాసులది. ఆ దీవులకి మనుషులు ఎట్లా చేరారు అన్నది ప్రశ్న. హేయర్డాల్ మాత్రం ఆ ఘనతని గడ్డాలున్న తెల్లజాతి పూర్వీకులకి కట్టబెట్టాలని చూశాడు. పాలినీషియన్లు తమంతట తాము గాలికి ఎదురు పడవలు నడుపుకుంటా వచ్చి ఉంటారంటే ఆయన నమ్మలేదు. 1976లో హోకులేయా అనే పడవ మీద మౌ పియాయిలుగ్ అనే దీవుల మనిషి దిక్సూచి కూడా లేకుండా, చుక్కల్నీ అలల్నీ చూసుకుంటా హవాయి నుంచి తాహితి చేరుకుని జవాబు చెప్పాడు. విద్య ఆదివాసీది, పేరు ఇంకొకరిది. ఈ కథ మనకి కొత్తా?

మళ్లీ శ్రీకాకుళం వద్దాం. తండేల్ సినిమాలో రాజు ఎందుకు గుజరాత్ పోతాడు అంటే ఏం చెప్తాం? ఊళ్లో అందరూ పోతారు, వాడూ పోతాడు. ఎందుకు పోవాల్సొచ్చిందో నిలబడి అడగడానికి సినిమాకి తీరిక లేదు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరముంది. అంత తీరముండి, పెద్ద బోట్లు నిలబెట్టుకునే చేపల హార్బర్ లేక వాళ్లు దేశం ఆ చివరికి పోయారు. వాళ్ల తాతలు వాడింది కూడా తెప్పే. దుంగలు కట్టుకుని పొద్దున్నే పోయి, పట్టిన చేపతో సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు. తెప్ప చిన్నదే గానీ సొంతం. ఇప్పుడు బోటు పెద్దది, అది సేటుది. తెప్ప మీద యజమానిగా ఉన్నోడు బోటు మీద కూలీ అయ్యాడు. సరిహద్దు దాటడం కన్నా ముందు జరిగిన ప్రయాణం ఇదీ. దీన్ని ఎవరూ సినిమా తియ్యరు.

మా యానాదోళ్లకి ఈ మాట అర్థం చేయించక్కర్లేదు. వాగు, కాలవ, చెరువు ఉన్నన్నాళ్లు మా చేపలు మావి. చెరువు పాటకి పోయాక, రొయ్యల గుంటలు వచ్చాక, ఆ గుంటల గట్టు మీదే కాపలా కూలీలమయ్యాం. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు సుగాలీ తండాల వాళ్లని అడగండి, యర్రగొండపాలెం, దోర్నాల చెంచోళ్లని అడగండి, వాళ్ల కథలో చెరువు బదులు భూమి, అడవి ఉంటాయి, అంతే తేడా.

ఇక్కడ ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. ‘మత్స్యకారులు ఎస్టీ జాబితాలో చేర్చమంటున్నారు, మనం వద్దంటున్నాం, మళ్లీ వాళ్ల సినిమా గురించి నువ్వు రాయడం ఏంది’ అని. ఆ వాదన ఉంది, దాన్ని దాని వేదిక మీద వాదించుకుందాం. రిజర్వేషన్ దగ్గర దారులు వేరైనంత మాత్రాన వలస కూలీ కష్టం దగ్గర కూడా వేరవ్వాలని ఎక్కడా లేదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది.

అది పేర్ల జాబితా.

ఆ 22 మంది ఎట్లా ఇంటికొచ్చారో ఆలోచించండి. జైలు గోడలు బద్దలు కొట్టి రాలేదు. ఇంటి దగ్గర ఆడవాళ్లకి తమ మనిషి ఎవరి బోటు ఎక్కాడో, తండేల్ ఎవరో, పక్కన ఇంకెవరెవరున్నారో తెలుసు. ఆ పేర్లు పట్టుకుని అధికారుల చుట్టూ తిరిగారు. అప్పుడు పాదయాత్రలో ఉన్న జగన్మోహన్ రెడ్డిని కలిసి చెప్పుకున్నారు. తర్వాత ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు, కేంద్రానికి ఉత్తరాలు పోయాయి, వచ్చినోళ్లకి తలా 5 లక్షలు ఇచ్చారు. ఏ పార్టీకి ఎంత పేరొచ్చిందో మనకి అనవసరం. పేర్లు ఉన్నాయి కాబట్టి అడగడానికి వీలైంది, అది మనకి అవసరం.

ఇంకొకటి తెలుసుకోండి. ఇండియా, పాకిస్తాన్ 2008లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మత్స్యకారులకి విడిగా లెక్క ఉంటుంది. యుద్ధాలు చేసుకున్న రెండు దేశాలు ఏడాదికి రెండుసార్లు మనుషుల పేర్లు రాసి ఇచ్చుకుంటాయి. మన కాలనీ నుంచి నలభై కిలోమీటర్ల దూరం మిరప చేలోకి పోయిన మన అక్క పేరు మాత్రం ఎక్కడా రాసి ఉండదు! మేస్త్రీ దగ్గర లెక్క ఉంటుంది. ‘ముఠాలో పద్దెనిమిది మంది, ఇంత అడ్వాన్స్’ అని. అందులో తలలుంటాయి, పేర్లుండవు.

పేరు లేకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. లాక్‌డౌన్ పడ్డప్పుడు వెరావల్‌లో చిక్కుకున్న వేలాది ఆంధ్రా మత్స్యకారుల్ని ప్రభుత్వాలు బస్సులు పెట్టి తీసుకొచ్చాయి. మంచి పని. అదే ఏప్రిల్లో, తెలంగాణ ములుగు వైపు మిరప చేలల్లో పనికొచ్చిన బీజాపూర్ ఆదివాసీ పాప, పన్నెండేళ్ల పిల్ల, తోటి కూలీలతో కలిసి ఇంటికి నడిచింది. అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు దగ్గర పడుతుండగా పడిపోయి చనిపోయింది. ఆ పిల్లకి బస్సు ఎవరు పెడతారు? ఆ పిల్ల ఆ చేలో ఉందని ఏ ఆఫీసులో రాసుంది? అది కూడా నిజంగా జరిగిన ప్రయాణమే.

తర్వాత నెల, 2020 మే 14న, మన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతకెళ్లి వస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు తెగి మీద పడి కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇట్లాంటివి జరిగినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తది. కోత కూలీ పేరు మొదటిసారి సర్కారు కాగితం ఎక్కేది చాలాసార్లు ఎఫ్ఐఆర్‌లోనే.

చట్టం లేదా అంటే, 2025 దాకా ఉండేది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చట్టం చేశారు. పేరులోనే ఉంది చూడండి, రాష్ట్రం దాటాల్సి ఉండేది. ఆదోని నుంచి గుంటూరు వచ్చినోళ్లు, దోర్నాల నుంచి నరసరావుపేట వచ్చినోళ్లు రాష్ట్రం దాటలేదు కాబట్టి దాని లెక్కలోకి వచ్చేవాళ్లు కాదు. మిరపకాయకి మాత్రం టిక్కీ టిక్కీకి లెక్కుంది. గుంటూరు యార్డులో ఏ రోజు ఎన్ని టిక్కీలు వచ్చాయో, ఏ రకం ఎంత పలికిందో సాయంత్రానికి తెలిసిపోద్ది. ఆ కాయ కోసిన చెయ్యి ఎవరిదో మాత్రం తెలియదు.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. ఈ కోతలకి ముందే, పత్తి తీతకి పోయే ముఠాలతోనే మొదలుపెట్టి, ప్రతి కాలనీలో, ప్రతి తండాలో ఒక నోటు పుస్తకం పెడదాం. చదువుకున్న పిల్ల ఒకరు, పిల్లాడు ఒకరు చాలు. అందులో పోయేవాళ్ల పేరు, వయసు, మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, ఏ ఊరు, ఏ రైతు చేను, ఎంత అడ్వాన్స్ తీసుకున్నారు, వెంట పిల్లలు ఎంతమంది, ఎప్పుడు తిరిగొస్తారు, ఇవన్నీ రాయాలి. ఒక కాపీ గ్రామ సచివాలయంలో ఇచ్చి, ఇంకో కాపీ మీద రసీదు సంతకం చేయించుకోవాలి. ఆ పేజీల్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పబాకండి, అది మనోళ్ల సొంత వివరం.

రాసేటప్పుడే చాలా బయటపడతాయి. ఆధార్ లేనోళ్లు ఎవరో తెలుస్తుంది, మా యానాది కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. బడి మానేసి పోతున్న పిల్లలు ఎవరో తెలుస్తుంది, వాళ్ల కోసం సీజనల్ హాస్టల్ కోతలకి ముందే తెరవమని అడగడానికి మన చేతిలో లెక్క ఉంటుంది. అడ్వాన్స్ తీరలేదని ఎవర్నైనా ఆపేస్తే, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద కలెక్టర్ దగ్గరికి పోవడానికి తేదీ, పేరు, చేను మొత్తం రాసే ఉంటాయి.

కష్టం లేదని నేను అనను. మేస్త్రీ చాలాచోట్ల మనోడే, మామో బావో అవుతాడు. ‘నా మీద నమ్మకం లేదా’ అంటాడు. అమ్మలు భయపడతారు, ‘పేర్లు రాస్తే మళ్లీ ఏడు మనల్ని పిలవరు’ అని. ఆ భయం ఉత్తిది కాదు, ఆ పని పోతే నాలుగు నెలల తిండి పోతది. అందుకే ఒక్క ఇంటి పేరు రాస్తే లాభం లేదు. మొత్తం కాలనీ పేర్లు ఒకేసారి రాయాలి. మొత్తం కాలనీని పిలవకుండా మానేస్తే కాయ చెట్టు మీదే ఎండిపోద్ది, ఆ సంగతి రైతుకీ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. మేస్త్రీకి కూడా చెప్పండి, మామా, దారిలో బండి బోల్తాపడితే పోలీసులు ముందు నిన్నే అడుగుతారు, ఈ పుస్తకం నీకూ సాక్ష్యమే అని.

మన మీద సినిమా తీస్తారా తీయరా అన్నది వాళ్లిష్టం. తీసినా మన బదులు ఇంకొకరు హీరో అవుతారు, అలవాటే కదా. పుస్తకం మాత్రం మన చేతిలో పని. పది రూపాయల నోటు పుస్తకం, ఒక పెన్ను. మీ కాలనీలో, మీ తండాలో ఎవరు రాస్తారో ఇవాళే అనుకోండి. ముఠాలు బయల్దేరాక రాద్దామంటే రాయడానికి ఊళ్లో ఎవరూ ఉండరు.

జై ఆదివాసీ.