ధర్మవైద్యశాల ఆస్తి యెవరిది?

ఆంగ్లేయుల పరిపాలనాకాలమున మన దేశములో వెలసిన ధర్మవైద్యశాలలు పెక్కు గలవు. అవి కట్టబడిన దినములలో ఊరి వెలుపల నుండిన భూములు నేడు ఊరి నడుమ బడినవి. నాటి ముళ్ళపొదల నేల నేడు గజముల లెక్కను బేరమాడబడుచున్నది. ఇట్టి తరుణమున “ఈ ఆస్తి యెవరిది?” అను ప్రశ్న పుట్టుట సహజమే. దాత వంశీకులు తమదందురు, కమిటీవారు తమదందురు, ప్రభుత్వమువారు తమదందురు. కాని నాల్గవవాడొకడు గలడు. వాడు రోగి. వాని పక్షమున మాటాడువారు తక్కువ గనుక, ఈ విషయమును గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గుంటూరు చరిత్రమును జూడుడు. డాక్టరు అన్నా సారా కుగ్లరుగారు 1883లో అమెరికా లూథరను మిషను పక్షమున నచ్చటికి వచ్చి, 1930లో ఆ యూరనే కన్నుమూయువరకు స్త్రీలకును శిశువులకును వైద్యము చేసిరి. వైద్యశాలకు వలసిన సొమ్ములో హెచ్చుపాలు సముద్రముల కావలినుండి వచ్చినది. అయినను ఏలూరు రాజా భుజంగరావు బహద్దరువారు రోగుల బంధువులు దిగుటకై దాని యెదుట నొక సత్రము కట్టించి యిచ్చిరి. మిషనువారి సొమ్ము, హిందూ ప్రభువు దానము, సర్వమతముల రోగులు: ఇన్ని చేతులు కలిసిన దానిని ఏ యొక్కరు “నాది” యనగలరు?

చట్టము ఇచ్చట రెండు విషయములను వేరుచేయుచున్నది. దస్తావేజు ఎవరి పేర నున్నదనుట యొకటి. ఆ ఆస్తి ఎవరి మేలుకొఱకనుట వేఱొకటి. 1882వ సంవత్సరపు ట్రస్టుల చట్టము ఖాసగీ ట్రస్టులకే గాని ప్రజాధర్మములకు వర్తింపదు. 1890వ సంవత్సరపు ధర్మాదాయముల చట్టము బీదల సహాయమును, విద్యను, వైద్యమును ధర్మకార్యములుగ నెన్నినది. ఆ చట్టము ననుసరించి ఆస్తిని ప్రభుత్వ కోశాధికారి పేర నుంచవచ్చును. కాని అతడు దానిని భద్రపరచువాడే గాని నడుపువాడు కాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు, సంఘపు ఆస్తులను వహించుటకై ట్రస్టు అసోసియేషను అను కంపెనీ రిజిస్టరు చేయబడినది. పేరు వహించువా రొకరు, ఫలమనుభవించువారు వేఱొకరు అనుటయే వీని యన్నింటి సారము.

ఇక దాత వంశీకుల మాట. 1974లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము కక్షిగా నున్న యొక వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. స్త్రీల వైద్యశాలకై షరతులతో నియ్యబడిన సొమ్మది. షరతులు నెరవేరలేదు, వైద్యశాల లేవలేదు. కావున ఆ సొమ్మును ప్రభుత్వ ముంచుకొనరాదనిరి. దానము పూర్తికానప్పుడు దాతకు హక్కు మిగులును. కాని వైద్యశాల కట్టబడి, ఏ షరతును లేక దానము పూర్తియైన పిమ్మట, మనుమలు వచ్చి “మా తాతగారి నేల” యనుట చెల్లదని మా యభిప్రాయము. తాతగారు ఇచ్చినది ఇచ్చినట్లే.

కమిటీవారి మాట కూడ చెప్పవలెను. నూరేండ్లు తాళపుచెవులు చేతనుండినంత మాత్రమున ధర్మకర్త యజమాని కాడు. నిర్ణీతమైన ధర్మమునకై తనకు చెందిన ఆస్తిని రాబట్టుటకు వేయబడిన దావాలో, అతడు కాలదోషమును అడ్డు చెప్పరాదని 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము పదియవ సెక్షను చెప్పుచున్నది. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షనును బట్టి, ఆ ధర్మమునందు సంబంధముగల యిద్దరు మనుష్యులు కోర్టు అనుమతితో దావా వేసి, లెక్కలడిగించవచ్చును, ధర్మకర్తలను మార్పించవచ్చును.

“అట్లయిన ఒక్క గజమైనను అమ్మరాదా? కప్పు కూలుచుండగా చూచుచు నుండవలెనా?” యని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. బీడుపడిన మూలనొకదానిని కౌలుకిచ్చి, ఆ సొమ్ముతో మందులు కొనుట తప్పని మేమనము. మొదటి ఉద్దేశము నెరవేర వీలులేనప్పుడు దానికి దగ్గరి ఉద్దేశమునకు ఆస్తిని మరలించు నధికారము కోర్టులకు గలదు. 1976వ సంవత్సరపు సవరణ దానిని 92వ సెక్షనులోనే చేర్చినది. మా యాక్షేపణ అమ్మకముపై గాదు; చాటున జరుగు అమ్మకముపై. పది పడకలు మూసి పది అంగళ్లు తెరచి, వాని బాడుగ ఏ పద్దులో చేరెనో చెప్పనివారు, దస్తావేజు ఎవరి పేర నున్నను, పరుల సొమ్ము వాడుకొనువారే యగుదురు.

కాబట్టి ప్రతి ధర్మవైద్యశాలయు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. మూల దస్తావేజు నకలును అడిగినవారికి చూపవలెను. భూముల జాబితాను, కౌళ్ల వివరమును ఏటేట ప్రకటింపవలెను. ఆస్తిని అమ్ముటకు ముందు ఊరివారికి తెలియజేయవలెను.

విద్యార్థులారా, మీలో కొందరు వకీళ్లు, కొందరు వైద్యులు, కొందరు ఇట్టి కమిటీలలో సభ్యులు కాగలరు. రిజిస్ట్రారు కచేరిలో రుసుము చెల్లించి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీయించుటయు, అందలి హద్దులను నేలమీది హద్దులతో సరిచూచుటయు నేర్చుకొనుడు. లెక్క అడుగుట పెద్దలను అవమానించుట గాదు. చక్కగా నడుపువారికి అట్టి ప్రశ్నవలన మాట దక్కును. నడుపనివారికి జాగ్రత్త కలుగును. ఉభయత్ర లాభము ఓ.పీ. వరుసలో నిలుచున్న రోగిదే.